పాత కన్సోళ్లతో ఏడేళ్లు: కష్టం ఆటలో ఉందా, తెరలో ఉందా?

ఏడేళ్లుగా నా దగ్గర ఐదు పాత కన్సోళ్లు (టీవీకి తగిలించి ఆడే గేమ్ యంత్రాలు) ఉన్నాయి: ఎన్‌ఈఎస్ (నింటెండో ఎంటర్‌టైన్‌మెంట్ సిస్టమ్), సూపర్ నింటెండో, సెగా మెగా డ్రైవ్, మొదటి ప్లేస్టేషన్, నింటెండో 64. వీటిని అద్దాల బీరువాలో పెట్టి చూసుకోవడానికి కాదు, వారానికి మూడు నాలుగు రాత్రులైనా ఆడుకోవడానికే ఉంచుకున్నాను. వాటి పక్కన ఒక పాత పిక్చర్ ట్యూబ్ టీవీ, ఒక ఎల్‌సీడీ టీవీ, పాత సిగ్నల్‌ను కొత్త తెరకు తగినట్టు మార్చే రెట్రోటింక్-5ఎక్స్ కన్వర్టర్, పాత చిప్‌ల పనితీరును హార్డ్‌వేర్‌లోనే పునఃసృష్టించే మిస్టర్ అనే ఎఫ్‌పీజీఏ (కావలసినట్టు మళ్లీ అమర్చుకోగల చిప్) పరికరం కూడా ఉన్నాయి. ఒకే ఆటను ఇన్ని దారుల్లో, ఇన్నేళ్లపాటు ఆడాక నాకు కలిగిన అభిప్రాయాన్ని ఇక్కడ రాస్తున్నాను.

పాత గేమ్‌ల అభిమానుల మధ్య ఎడతెగని వాదాలు రెండున్నాయి. పాత ఆటలు నిజంగానే అంత కష్టమా అన్నది ఒకటి. ఏ కన్సోల్ గ్రాఫిక్స్ గొప్పవి అన్నది మరొకటి. ఈ రెంటినీ వేర్వేరు విషయాలుగా చర్చించడం చాలాకాలం నాకూ అలవాటే. ఇప్పుడు మాత్రం ఇవి ఒకే విషయానికి రెండు ముఖాలని గట్టిగా నమ్ముతున్నాను. యంత్రం ఒక్క ఫ్రేములో, అంటే తెర మీద క్షణక్షణం మారే చిత్రాల్లో ఒక్కదానిలో, ఎంత గీయగలదు, గీసింది మన కంటికి ఎంత త్వరగా చేరుతుంది అన్న రెండు లెక్కలే ఆ ఆటల కష్టంలో పెద్ద భాగాన్ని నిర్ణయిస్తాయి.

ఈ సంగతి నాకు మొదట తెలియజెప్పింది మా అక్క కొడుకు. అప్పుడు వాడికి పన్నెండేళ్లు. ఎన్‌ఈఎస్‌లో 1987 నాటి మైక్ టైసన్స్ పంచ్-అవుట్ ఆడుతూ బాల్డ్ బుల్ అనే బాక్సర్ దగ్గర చిక్కుకుపోయాడు. ఆ బాక్సర్ దూరం నుంచి గెంతుకుంటూ మీదికి వచ్చేటప్పుడు సరిగ్గా చివరి క్షణంలో పొట్టలో ఒక్క గుద్దు గుద్దితే పడిపోతాడు; ఆ క్షణం తప్పితే పడేది మనమే. వాడు ఇరవైసార్లకు పైగా ఓడిపోయాడు. ఆలస్యంగా నొక్కుతున్నావని నేను ప్రతిసారీ సరిదిద్దుతూనే ఉన్నాను. చివరికి వాడు కంట్రోలర్ కింద పెట్టి, “మామయ్యా, నేను ముందే నొక్కుతున్నాను, టీవీయే వినట్లేదు” అన్నాడు. నేను నమ్మలేదు. మర్నాడు ఫోన్‌లో స్లో మోషన్ పెట్టి, బటన్ మీద వేలునూ తెరనూ ఒకే చట్రంలోకి తెచ్చి చిత్రీకరించి, ఒక్కొక్క ఫ్రేమే లెక్కపెట్టాను. వేలు బటన్‌ను నొక్కిన తర్వాత తెర మీద చెయ్యి కదలడానికి ఆట సొంతంగా తీసుకునే సమయం పోగా, ఆ ఎల్‌సీడీ టీవీ ఒక్కటే దాదాపు ఆరు ఫ్రేములు మింగేస్తోంది. సెకనుకు 60 ఫ్రేముల లెక్కన ఒక్కో ఫ్రేము 16.7 మిల్లీసెకన్లు, ఆరు ఫ్రేములంటే సెకనులో పదో వంతు. పిల్లవాడు చెప్పింది అక్షరాలా నిజం. అదే రోజు పిక్చర్ ట్యూబ్ టీవీకి మార్చి కూర్చోబెడితే నాలుగో ప్రయత్నంలో బాల్డ్ బుల్‌ను పడగొట్టాడు.

అంత ఆలస్యం ఎక్కడి నుంచి వస్తుందో తెలుసుకుంటే చాలా సందేహాలు తీరుతాయి. ఆ తరం కన్సోళ్లు పంపే చిత్రంలో దాదాపు 240 గీతలు ఉంటాయి. ప్రతి అరవయ్యో వంతు సెకనుకూ ఒక పూర్తి చిత్రం వస్తుంది. టీవీ ప్రసారాల్లో లాగా సరి గీతలు ఒకసారి, బేసి గీతలు మరోసారి వచ్చే పద్ధతి ఇందులో లేదు. కానీ కొత్త టీవీలు చాలావరకు ఈ సిగ్నల్‌ను ఆ ప్రసార సిగ్నలే అనుకుని, రెండు చిత్రాలను కలిపి ఒకటి చేయడానికి ప్రయత్నిస్తాయి. కలపాలంటే ఆగాలి, ఆగితే ఆలస్యం. చిత్రానికి మెరుగులు దిద్దే పనిని టీవీ తగ్గించుకునే గేమ్ మోడ్ పెడితే కొంత తగ్గుతుంది గానీ ఈ పొరపాటు మాత్రం పోదు. దానివల్ల చిత్రం కూడా చెడుతుంది. దెబ్బ తగిలిన పాత్ర కాసేపు మిణుకుమంటూ కనిపించడం పాత ఆటల్లో మామూలే. ఒక ఫ్రేములో గీసి, మరుసటి ఫ్రేములో వదిలేయడం వల్ల అది సగం పారదర్శకంగా అనిపిస్తుంది. నా ఎల్‌సీడీ టీవీలో ఆ పాత్ర దువ్వెన పళ్లలా చీలికలుగా కనిపించేది, కొన్నిసార్లు పూర్తిగా మాయమయ్యేది. తాను ఎక్కడున్నాడో కనిపించని ఆటగాడు గోతిలో పడడంలో ఆశ్చర్యమేముంది? పాత ఆటలు అన్యాయంగా కష్టమని తీర్పు చెప్పేవారిని నేను మొదట అడిగే ప్రశ్న ఒక్కటే: ఏ తెర మీద ఆడారు?

అలాగని కష్టమంతా టీవీలదే అనడం లేదు. ఎన్‌ఈఎస్ సంగతే చూడండి. 1983లో జపాన్‌లో ఫ్యామికామ్ పేరుతో వచ్చిన ఆ యంత్రానికి 1.79 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్, 2 కిలోబైట్ల ర్యామ్ మాత్రమే ఉన్నాయి. తెర మీద మొత్తం 64 స్ప్రైట్లు (నేపథ్యం మీద కదిలే చిన్న బొమ్మలు) గీయగలదు గానీ ఒకే అడ్డగీత మీద ఎనిమిదికి మించి గీయలేదు. ఒక్కో స్ప్రైట్ వెడల్పు ఎనిమిది పిక్సెళ్లే కాబట్టి, ఒక మనిషి బొమ్మకే పక్కపక్కన రెండో మూడో ఖర్చవుతాయి. తొమ్మిదోది ఆ గీత మీద కనిపించదు, అంతే. ఎప్పుడూ ఒకే వస్తువు మాయం కాకుండా ఉండేందుకు ప్రోగ్రామర్లు ప్రతి ఫ్రేముకూ స్ప్రైట్ల వరసను మార్చేవారు. ఆ వంతుల పద్ధతే మనకు మిణుకుగా కనిపిస్తుంది. కాంట్రా అనే కాల్పుల ఆటలో ఇద్దరం కలిసి ఆడుతూ, ఒకేసారి ఐదు గుళ్లు వెదజల్లే స్ప్రెడ్ గన్‌ను ఇద్దరమూ పట్టుకున్నప్పుడు ఈ మిణుకు పరాకాష్ఠకు చేరుతుంది. మన గుళ్ల గుంపులో శత్రువు వదిలిన ఒకే ఒక్క గుండు కొన్ని ఫ్రేములపాటు కనబడదు, ఒక్క దెబ్బకే ప్రాణం పోతుంది. అక్కడ ఓడించింది ఆట రూపకర్త కాదు, చిత్రాన్ని గీసే చిప్.

పాత కన్సోళ్లను కంప్యూటర్‌లో అనుకరించే ప్రోగ్రాములైన ఎమ్యులేటర్లలో ఈ ఎనిమిది స్ప్రైట్ల పరిమితిని తీసేసే వీలుంది. అలా తీస్తే ఆట సులువవుతుందా అంటే, కాంట్రాలో కచ్చితంగా కొంత అవుతుంది. నేను వారం రోజులు రెండు విధాలా ఆడి చూశాను. కానీ ఈ సౌకర్యాన్ని ఎప్పుడూ తెరిచి ఉంచమని సలహా ఇవ్వను. కొందరు రూపకర్తలు ఆ పరిమితినే పనిముట్టుగా వాడుకున్నారు. క్యాసిల్‌వేనియా అనే ఆట రెండో భాగంలో కథానాయకుడు సైమన్ బురదనేలలోకి దిగినప్పుడు అతని కాళ్లు మునిగినట్టు కనిపించడానికి కారణం, ఆ గీతల మీద కనిపించని స్ప్రైట్లను నింపి అతని కాళ్ల వంతు రాకుండా చేయడమే. పరిమితి తీసేస్తే సైమన్ బురద మీద నిలబడి నడుస్తాడు.

స్లోడౌన్ కథ దీనికి పూర్తిగా వ్యతిరేక దిశలో సాగుతుంది. ఒక ఫ్రేము సమయంలో చేయవలసిన లెక్కలు పూర్తికాకపోతే ఆట మొత్తం మందగిస్తుంది. అభిమానులు దీన్ని సూపర్ నింటెండో మీద మచ్చగా చెబుతారు. మెగా డ్రైవ్ ప్రాసెసర్ వేగం 7.6 మెగాహెర్ట్జ్, సూపర్ నింటెండోది గరిష్ఠంగా 3.58 మాత్రమే అని లెక్క చూపుతారు. రెండూ వేర్వేరు జాతుల చిప్‌లు కాబట్టి మెగాహెర్ట్జ్‌లను పక్కపక్కన పెట్టి తూచడం సరికాదని నా అభిప్రాయం. అయినా తెర నిండా వస్తువులు కదిలే కాల్పుల ఆటల్లో సూపర్ నింటెండో ఎక్కువగా మందగిస్తుందన్నది నా అనుభవంలోనూ నిజమే. గ్రాడియస్ 3 అందుకు అందరూ చెప్పే ఉదాహరణ. బుడగల స్టేజీలో పెద్ద బుడగలు పగిలి చిన్నవై తెరను కమ్మేసినప్పుడు ఆట తేనెలో ఈదుతున్నట్టు నడుస్తుంది.

అయితే ఆ మందగమనమే అక్కడ మనల్ని బతికిస్తుంది. 2019లో ఒక అభిమాని ఈ ఆటను, కొన్ని సూపర్ నింటెండో కార్ట్రిడ్జ్‌లలో అదనంగా ఉండే ఎస్‌ఏ-1 అనే వేగవంతమైన సహాయక చిప్‌ను వాడుకునేలా మార్చి విడుదల చేశాడు. ఆ చిప్ వేగం 10.74 మెగాహెర్ట్జ్. స్లోడౌన్ మాయమైంది. ఎంతో ఆశగా మిస్టర్‌లో దాన్ని పెట్టి ఆడాను. మామూలు రూపంలో రెండు ప్రాణాలు మిగుల్చుకుని దాటే బుడగల స్టేజీని, ఈ మార్చిన రూపంలో మొదటి పది ప్రయత్నాల్లో ఒక్కసారీ దాటలేకపోయాను. బుడగల మధ్య దారి వెతుక్కోవడానికి ఆ నిదానమే నాకు వ్యవధి ఇచ్చేదని అప్పుడు అర్థమైంది. ఇప్పటికీ ఆ రెండు రూపాలనూ రెండు వేర్వేరు ఆటలుగానే ఆడుతున్నాను. ఒకదానిలో సాధించిన స్కోరును మరోదానితో పోల్చను.

యంత్రపు ఓపిక ఆట కష్టాన్ని నిర్ణయించడం కన్సోళ్లకు ముందు నుంచే ఉంది. 1978 నాటి స్పేస్ ఇన్‌వేడర్స్‌లో 55 మంది ఆక్రమణదారులుంటారు. ప్రాసెసర్ ఫ్రేముకు ఒక్కరినే కదిలించగలదు కాబట్టి, మనం కాల్చినకొద్దీ మిగిలినవారి వంతు త్వరగా వచ్చి వాళ్ల వేగం పెరుగుతూ పోతుంది. ఆఖరివాడు పరుగెత్తడం వెనుక ఉన్నది ఈ లెక్కే.

ఇక మెగా డ్రైవ్ గ్రాఫిక్స్. 512 రంగుల నుంచి ఏకకాలంలో 61 వరకు చూపగలదు. సూపర్ నింటెండో 32,768 నుంచి 256 చూపగలదు. కాగితం మీద పోటీయే లేదు. కానీ 1991 నాటి సోనిక్ మొదటి ఆటలో గ్రీన్ హిల్ జలపాతాన్ని పాత టీవీలో కాంపోజిట్ కేబుల్‌తో (చిత్రాన్నంతా ఒకే తీగలో కలిపి పంపేది) చూడండి: వెనుక దృశ్యం నీటిలోంచి లీలగా కనిపిస్తుంది. అదే జలపాతాన్ని ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగులను విడివిడిగా పంపే ఆర్‌జీబీ కేబుల్‌తో, కన్వర్టర్ ద్వారా కొత్త తెర మీద చూస్తే ఒక గీత నీలం, ఒక గీత ఖాళీగా నిలువు చారలు కనిపిస్తాయి. రంగులు తక్కువైన చోట ఆ చారలను కేబులే కలిపేస్తుందన్న లెక్కతో గీసిన బొమ్మ అది. నేను మొదటి రెండేళ్లూ అత్యంత స్పష్టమైన చిత్రం కోసం పరుగులు తీశాను. ఇప్పుడు మెగా డ్రైవ్‌కు మాత్రం కాంపోజిట్‌నే వాడుతున్నాను, సూపర్ నింటెండోకు ఆర్‌జీబీని. యంత్రాన్ని బట్టి కేబుల్ ఎంచుకోవాలి గానీ, అన్నింటికీ ఒకే కేబుల్ ఉత్తమమనే మాటతో ఏకీభవించను.

ఐరోపాలో అమ్మిన 50 హెర్ట్జ్ కన్సోల్ మీద పెరిగినవారి మాటను విడిగా వినాలి. అక్కడి టీవీలు సెకనుకు 50 చిత్రాలే చూపేవి. చాలా ఆటలను ఆ లెక్కకు సరిచేయకుండానే విడుదల చేయడంతో అవి ఆరో వంతు నెమ్మదిగా నడిచాయి. సోనిక్ మొదటి ఆటలో సంగీతం కూడా సాగిపోతుంది. ఒక ఆట సులువంటూ ఒకరు, కష్టమంటూ మరొకరు పట్టుబట్టినప్పుడు, ఇద్దరూ ఆడింది ఒకే వేగంతో నడిచిన ఆట కాకపోవచ్చు.

రూపకర్తలు కావాలని పెంచిన కష్టం కూడా ఉంది, దాన్ని యంత్రం మీదికి నెట్టకూడదు. 1994 నాటి కాంట్రా హార్డ్ కోర్ జపాన్ రూపంలో మూడు దెబ్బలు తట్టుకోవచ్చు. అమెరికా రూపంలో ఒక్క దెబ్బకే ప్రాణం పోతుంది. అప్పట్లో జపాన్‌లో ఆటలను అద్దెకివ్వడానికి అనుమతి ఉండేది కాదు, అమెరికాలో ఉండేది. రెండు రోజులు అద్దెకు తెచ్చుకుని పూర్తి చేసేస్తారన్న ఆలోచనే ఇటువంటి మార్పులకు కారణమని అభిమానులు చెప్పే మాట నాకు సబబుగానే తోస్తుంది. నింజా గైడెన్ అనే ఎన్‌ఈఎస్ ఆట చివరి అంకం మరో రకం. చివరి బాస్‌ల (ఆఖరి పెద్ద శత్రువుల) దగ్గర ఓడిపోతే ఆరో అంకం మొదటికి పంపేస్తుంది. అంచున నిలబడి గెంతబోయే వేళకు పక్షి వచ్చి గుద్దుతుంది, దెబ్బకు వెనక్కి తూలి గోతిలో పడతాం; ఒక్క అడుగు వెనక్కి వేస్తే, తెర అంచు మళ్లీ ఆ చోటికి రాగానే చంపిన శత్రువు తిరిగి పుడతాడు. ఈ ఆటను పిక్చర్ ట్యూబ్ మీద, అసలు యంత్రంతో, సేవ్ స్టేట్ (ఆటను ఏ క్షణంలోనైనా భద్రపరిచి అక్కడి నుంచే మళ్లీ మొదలుపెట్టే సౌకర్యం) లేకుండా పూర్తి చేయడానికి నాకు పదకొండు నెలలు పట్టింది. ఇక్కడ తెరది గానీ చిప్‌ది గానీ తప్పేమీ లేదు. అయినా ప్రతి పక్షీ ఎప్పుడూ ఒకే చోట నుంచి, ఒకే సమయానికి వస్తుంది కాబట్టి నేర్చుకున్నవారిని ఈ ఆట మోసం చేయదు. అందుకే నాకు ఎంతో ఇష్టం.

సేవ్ స్టేట్ వాడితే ఆడినట్టు కాదనే అభిమానులతో మాత్రం నేను లేను. నింజా గైడెన్‌లో 6-2 (ఆరో అంకంలో రెండో భాగం) ఒక్కటే సాధన చేయడానికి మిస్టర్‌లో ఒక సేవ్ స్టేట్ పెట్టుకుని వందలసార్లు ఆ భాగాన్నే ఆడాను. ఆ సాధన లేకపోతే అసలు యంత్రం మీద పూర్తి చేయడం నావల్ల అయ్యేది కాదు. రోజూ గంటలు వెచ్చించలేని మనిషికి అది అవసరమైన సహాయం. ప్రతి గెంతుకూ ముందు ఒకసారి, తర్వాత ఒకసారి సేవ్ చేసుకుంటే మాత్రం ఆట చేతికి అలవడదు. మా మేనల్లుడు అలా ఒక ఆటను ముగించి, వారం తర్వాత మొదటి స్టేజీ కూడా దాటలేకపోవడం చూశాను.

1994లో ప్లేస్టేషన్, 1996లో నింటెండో 64 వచ్చాక కష్టం రూపం మారింది. ప్లేస్టేషన్ త్రిభుజాలను వేగంగా గీస్తుంది గానీ, వాటి మూలలను పూర్తి పిక్సెళ్ల లెక్కలోనే నిలుపుతుంది. గోడ మీది బొమ్మను అతికించేటప్పుడు దూరాన్ని లెక్కలోకి తీసుకోదు. అందువల్ల కదులుతున్నప్పుడు గోడలు వణుకుతాయి, నేల మీది గళ్లు వంకర్లు పోతాయి. ఎమ్యులేటర్లు దీన్ని సరిచేయగలవు. నేను సరిచేసి ఆడాను, మళ్లీ వదిలేశాను: 240 గీతల చిత్రంలో ఆ వణుకు రంగుల చుక్కల్లో కలిసిపోతుంది, రిజల్యూషన్ నాలుగింతలు చేస్తేనే అది కంటికి గుచ్చుకుంటుంది. 1999 నాటి సైలెంట్ హిల్‌లో పొగమంచు, దూరాన ఉన్న వీధులను గీయలేని యంత్రానికి కప్పిన ముసుగే అయినా, రెండడుగుల అవతల ఏముందో తెలియని స్థితినే ఆటగా మలిచారు. ఎనిమిది స్ప్రైట్ల పరిమితితో బురదను సృష్టించిన పనితనమే ఇక్కడా కనిపిస్తుంది.

నింటెండో 64 మీద నాకు గౌరవం ఉంది గానీ, ఐదింటిలో అతి తక్కువగా ఆడేది దాన్నే. ప్రాసెసర్ 93.75 మెగాహెర్ట్జ్, కానీ ఉపరితల చిత్రాలకు అందుబాటులో ఉన్న తాత్కాలిక జ్ఞాపకశక్తి 4 కిలోబైట్లే. అందుకే గోడల మీది చిత్రాలు సాగదీసి మసకబార్చినట్టుంటాయి. ఒకారినా ఆఫ్ టైమ్ సెకనుకు 20 ఫ్రేములతో నడుస్తుంది. దానికి తగిన నిదానంతోనే రూపొందించారు కాబట్టి ఇబ్బంది అనిపించదు. గోల్డెన్ ఐలో మాత్రం పేలుళ్లు ఒకదాని మీద ఒకటి జరిగినప్పుడు ఫ్రేములు తగ్గి గురి తప్పుతుంది. గ్రాడియస్ 3లో స్లోడౌన్ నాకు వ్యవధి ఇచ్చింది. ఇక్కడ మధ్యలోని ఫ్రేములే ఎగిరిపోతాయి కాబట్టి వ్యవధికి బదులు గందరగోళమే మిగులుతుంది.

దీర్ఘకాలిక వాడకంలో ఎదురైన మరమ్మతుల గురించి కొంత చెప్పాలి. కార్ట్రిడ్జ్ పనిచేయకపోతే నోటితో ఊదడం అందరికీ తెలిసిన అలవాటు. నిజానికి పనిచేసేది తీసి మళ్లీ పెట్టడమే, ఊపిరిలోని తేమ లోహపు పళ్లను పాడుచేస్తుంది. ఎన్‌ఈఎస్‌లో ఎర్ర దీపం ఆగి ఆగి వెలుగుతుంటే చాలాసార్లు యంత్రం చెడిపోలేదని అర్థం: కార్ట్రిడ్జ్‌లోని రక్షణ చిప్‌తో సంబంధం కుదరక అది తనను తాను మళ్లీ మళ్లీ ప్రారంభించుకుంటోంది. ఐసోప్రోపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదిపుల్లతో పళ్లను తుడిస్తే పదింట ఎనిమిదిసార్లు సరిపోయింది. సేవ్ ఉండే కార్ట్రిడ్జ్‌లలో బిళ్ల బ్యాటరీ ఉంటుంది. ఒక కార్ట్రిడ్జ్‌కు కొత్త బ్యాటరీ వేయించుకున్నాను. వేసినవారు టంకం పెట్టకుండా టేపుతో అతికించారని మూడు నెలల తర్వాత విప్పితే గానీ తెలియలేదు. నలభై గంటల ఆట పోయింది. ఆ తర్వాత ప్రతి బ్యాటరీనీ నేనే, అంచు రేకులున్న రకం తెచ్చుకుని, టంకంతో అతికించుకుంటున్నాను. నింటెండో 64 కంట్రోలర్ స్టిక్ కింద ప్లాస్టిక్ అరిగి తెల్లని పొడి చేరుతుంది. నా రెండు కంట్రోలర్లలో ఒకటి ఇప్పటికే వదులైపోయింది.

ఇప్పుడు నా అమరిక ఇలా స్థిరపడింది. సమయం మీద ఆధారపడే ఎన్‌ఈఎస్ ఆటలు పిక్చర్ ట్యూబ్ మీద ఆడతాను. సూపర్ నింటెండో, ప్లేస్టేషన్‌లకు కన్వర్టర్ ద్వారా ఎల్‌సీడీ టీవీ, గేమ్ మోడ్‌తో. కన్వర్టర్ కలిపే ఆలస్యం ఒక ఫ్రేముకన్నా తక్కువే కాబట్టి నా చేతికి తేడా తెలియదు. సాధనకు మిస్టర్. కొత్తగా మొదలుపెట్టేవారు మొదట కన్సోల్ కోసం కాక తెర కోసం వెతకాలని చెబుతాను; ఆలస్యం లేని తెర దొరికాక ఎమ్యులేటర్ మీద ఆడినా ఆ ఆటల అసలు స్వభావం చాలావరకు తెలుస్తుంది.

నా ఆటల్లో పిక్చర్ ట్యూబ్ లేకుండా మామూలు రూపంలో ఆడలేనిది ఒక్కటే, ఎన్‌ఈఎస్ బొమ్మ తుపాకీతో తెర మీది బాతులను కాల్చే డక్ హంట్. తుపాకీ ట్రిగ్గర్ నొక్కగానే తెర ఒక ఫ్రేము నల్లబడి, మరుసటి ఫ్రేములో బాతు ఉన్న చోట తెల్లని పెట్టె వెలుగుతుంది. తుపాకీ గొట్టంలోని సెన్సర్ ఆ వెలుగును అదే క్షణంలో చూడాలి. ఎల్‌సీడీ టీవీలో ఆ వెలుగు వచ్చేసరికి ఆట చూడడం మానేస్తుంది. నా పిక్చర్ ట్యూబ్ టీవీలో ఈ ఏడాది నుంచి ఎరుపు రంగు రావడానికి ఐదు నిమిషాలు పడుతోంది, కుడి అంచున చిత్రం కొద్దిగా వంగుతోంది. బాగుచేయగలవారి కోసం వెతుకుతున్నాను. ఈలోగా మేనల్లుడు వచ్చిన రోజుల్లో మాత్రమే దాన్ని వెలిగిస్తున్నాను.